లైంగిక హార్మోనులు - రోగనిరోధక శక్తి

ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరోన్, టెస్టోస్టిరోన్ అనే లైంగిక హార్మోనులు ప్రత్యుత్పత్తికే గాక రోగనిరోధక వ్యవస్థకు కూడా సంబంధించినవి. తెల్ల రక్తకణాలలో వీటిని గుర్తించే గ్రాహకాలు ఉన్నాయి.

ప్రభావం

ఈస్ట్రోజెన్ సాధారణంగా బి-లింఫోసైట్ల మనుగడకు, ప్రతిరక్షకాల ఉత్పత్తికి తోడ్పడుతుంది. టెస్టోస్టిరోన్ ఎక్కువగా నిరోధక చర్యను, శోథను (వాపు, మంట, నొప్పి) అణచుతుంది. అందువలన టీకాలకు స్త్రీల శరీరం తరచు ఎక్కువగా ప్రతిస్పందిస్తుంది. అయితే ఈ శక్తి సొంత కణజాలంపైకే మళ్ళితే స్వయంప్రతిరక్షక వ్యాధులు కలుగుతాయి. రుమటాయిడ్ కీళ్ళవాతం పురుషులలో కంటే స్త్రీలలో 2 నుండి 3 రెట్లు ఎక్కువ. లూపస్ వ్యాధిగ్రస్తులలో 10 మందికి సుమారు 9 మంది స్త్రీలే. దీనికి హార్మోనులతో పాటు ఎక్స్ క్రోమోజోముపై గల జన్యువులు కూడా కారణం.

గర్భధారణ

గర్భధారణ సమయంలో హార్మోనుల స్థాయి బాగా పెరుగుతుంది. అప్పుడు కీళ్ళవాతం చాలామందిలో తగ్గి, ప్రసవానంతరం తిరగబెడుతుంది.

చికిత్స

కీళ్ళవాతానికి ప్రధాన ఔషధం మెథోట్రెక్సేట్. నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో 1940లలో ఇది రూపొందినది. మొదట క్యాన్సరుకు వాడిన ఈ మందును 1988లో అమెరికాలో కీళ్ళవాతానికి ఆమోదించారు. ఇది పిండానికి హానికరం. కనుక గర్భం దాల్చదలచిన స్త్రీలు వైద్యుని సలహాతో ముందుగానే వేరొక మందుకు మారవలెను.