స్లైడ్ రూలు: చుక్క మనమే పెట్టుకోవాలి

1912 ఫిబ్రవరి 16న, తర్వాత జంషెడ్‌పూర్ అయిన సాక్చిలో టాటా ఇనుము, ఉక్కు కర్మాగారం తన తొలి ఉక్కు దిమ్మను పోసింది. అదే ఏడాది జపాన్‌లో జిరో హెమ్మి అనే ఆయన వెదురుబద్దలతో ఒక లెక్కల పరికరం తయారుచేసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. ఆ రోజుకు ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. తర్వాత అరవై ఏళ్లపాటు మాత్రం ఉక్కు పోసేచోట, వంతెన కట్టేచోట, ఇంజను బిగించేచోట ఇంజనీరు జేబులోనో, బల్లమీదో అలాంటి పరికరం ఉండి తీరాల్సిందే. అదే స్లైడ్ రూలు.

మా బాగ్‌బేరా జంషెడ్‌పూర్‌లో ఖర్కాయి నది ఒడ్డున, టాటానగర్ స్టేషన్ పక్కనే ఉంటుంది. రైల్వేలోనో, ఇక్కడ అందరూ ‘కంపెనీ’ అనే టాటాలోనో పని దొరికి శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు ఈ చుట్టుపక్కల తరాలుగా ఉన్నారు. రిటైరైనవాళ్ల ఇళ్లలో అటక దులిపితే సర్వీసు కాగితాలు, డ్రాయింగు సామాన్ల మధ్య ఎప్పుడైనా తోలు ఒరలో ఒక తెల్లటి బద్ద బయటపడుతుంది. మనవలు దాన్ని గీతలు గీసుకునే స్కేలనుకుంటారు. నిజానికి దాంతో గీతలు గీయకూడదు, అంచులు పాడవుతాయి. ఇలాంటి బద్దల్ని పోగుచేయడం, వాటితో నిజంగానే లెక్కలు చేయడం నాకున్న సరదా.

కూడితే గుణకారం

కథ స్కాట్లండ్‌లో మొదలైంది. జాన్ నేపియర్ అనే జమీందారు 1614లో లాగరిథమ్‌ల పట్టికలు అచ్చువేశాడు. గుణించాల్సిన రెండు సంఖ్యల లాగరిథమ్‌లను కూడితే వాటి లబ్ధం తాలూకు లాగరిథమ్ వస్తుంది. అంటే గుణకారం కూడికైపోయింది, భాగహారం తీసివేతైపోయింది. గ్రహాల నడక లెక్కించేవాళ్లకూ, ఓడలు నడిపేవాళ్లకూ పెద్ద బరువు దిగింది. హెన్రీ బ్రిగ్స్ ఆ పట్టికలను 10 ఆధారంగా తిరగరాశాక వాడకం ఇంకా సులువైంది.

అయితే పట్టిక తిరగేయడం కూడా పనే. 1620లో ఎడ్మండ్ గంటర్ ఆ లాగరిథమ్‌లను ఒక బద్దమీద దూరాలుగా గీసేశాడు. కంపాస్ కాళ్లతో ఒక దూరం పట్టి, దాన్ని ఇంకో దూరానికి కలిపితే జవాబు దొరికేది. అలాంటి గీతలున్న బద్దలు రెండుంటే కంపాస్ దేనికి, ఒకదాని పక్కన ఒకటి జరిపితే సరిపోదా అన్న ఆలోచన 1622 ప్రాంతంలో విలియం ఆట్రెడ్ అనే ఇంగ్లిష్ మతగురువుకు వచ్చింది. గుండ్రటి స్లైడ్ రూలును ముందు కనిపెట్టింది ఎవరన్నదాని మీద ఆయనకూ, ఆయన శిష్యుడు రిచర్డ్ డెలమెయిన్‌కూ 1630లలో పుస్తకాలు అచ్చువేసుకునేంత తగవు నడిచింది. బద్ద మధ్యలో గాడి తీసి, అందులో ఇంకో బద్ద జారేలా రాబర్ట్ బిస్సేకర్ 1654లో చేసిన స్లైడ్ రూలు ఇప్పటికీ లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది.

దీని కిటుకంతా గీతల మధ్య దూరంలో ఉంది. 25 సెంటీమీటర్ల స్లైడ్ రూలు మీద 1కీ 2కీ మధ్య ఏడున్నర సెంటీమీటర్లు ఉంటుంది. 2కీ 4కీ మధ్య కూడా అంతే, 4కీ 8కీ మధ్య కూడా అంతే. 9 నుంచి 10కి వచ్చేసరికి సెంటీమీటరు దాటి కాస్తంత మాత్రమే. మామూలు స్కేలు ఎంత ఎక్కువో చూపిస్తే, ఇది ఎన్ని రెట్లో చూపిస్తుంది. జారే బద్ద, అంటే స్లైడు, మీది 1ని కింది బద్ద మీది 2కు ఎదురుగా నిలపండి. పైన 3కు ఎదురుగా కింద 6 ఉంటుంది, 4కు ఎదురుగా 8, 5కు ఎదురుగా 10. బద్ద కదపకుండానే రెండో ఎక్కం సగం అప్పచెప్పేస్తుంది.

సుంకాలవాళ్లు, ఫిరంగులవాళ్లు

కనిపెట్టిన తర్వాత రెండు శతాబ్దాలపాటు ఇది విద్వాంసుల దగ్గరకంటే పనులు చేయించేవాళ్ల దగ్గరే ఎక్కువ తిరిగింది. 1683లో థామస్ ఎవరార్డ్ తెచ్చిన రకం పీపాల్లో సారా ఎంతుందో లెక్కగట్టి సుంకం వేయడానికి పనికొచ్చింది. ఆవిరి యంత్రాల జేమ్స్ వాట్ తన సోహో కర్మాగారంలో ఇంజనీర్ల కోసం ప్రత్యేకంగా ఒక రకం చేయించాడు. పర్యాయపదాల నిఘంటువుతో పేరు తెచ్చుకున్న వైద్యుడు పీటర్ రోజే, 1815లో ఎలాంటి ఘాతాలనైనా, మూలాలనైనా చూసుకునే లాగ్-లాగ్ స్కేలును వివరించాడు.

ఇప్పుడు మన చేతికి దొరికే బద్దలకు రూపం ఇచ్చింది మాత్రం అమెదే మాన్‌హైమ్. ఫ్రెంచి ఫిరంగిదళంలో కుర్ర అధికారిగా ఉండగా, 1850-51 ప్రాంతంలో, నాలుగు స్కేళ్లను ఒక క్రమంలో పేర్చాడు. పైన ఏ, బీ. కింద సీ, డీ. వాటన్నిటి మీదుగా జరిగే కర్సర్ ఒకటి. కర్సర్ మీది సన్నటి నిలువుగీత ఒక స్కేలు మీది అంకెను ఇంకో స్కేలు మీదికి తీసుకుపోతుంది. డీ మీద ఒక సంఖ్య ఉంటే దానికి ఎదురుగా ‘ఏ’ స్కేలు మీద దాని వర్గం ఉంటుంది. ఫ్రెంచి సైన్యం దీన్ని తీసుకోవడంతో యూరప్ కర్మాగారాలకు పాకింది.

తర్వాత పేచీ అంతా కొయ్యతోనే. చెక్క తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. జర్మనీలో డెనర్ట్ అండ్ పాపే సంస్థ 1886లో మహాగని చెక్కకు తెల్ల సెల్యులాయిడ్ రేకులు తాపడం చేసి, వాటిమీద నల్లటి గీతలు చెక్కడం మొదలుపెట్టింది. గీతలు చదవడం తేలికైంది గానీ చెక్క బుద్ధి మారలేదు. ఆ సంగతి పట్టించుకున్నవాడు హెమ్మి. వెదురును సన్నటి బద్దలుగా చీల్చి, కలిపి అతికించి, పైన సెల్యులాయిడ్ తాపడం చేశాడు. తేమకు వెదురు అంత తేలిగ్గా వంకర పోదు. దానిలోని సహజమైన నునుపు వల్ల స్లైడు కూడా పట్టేయకుండా జారుతుంది. వానాకాలం తేమ ఎలా ఉంటుందో తెలిసిన మన ప్రాంతంలో ‘సన్ హెమ్మి’ ముద్ర ఉన్న బద్దలు ఇప్పటికీ తిన్నగా ఉండటానికి కారణం ఇదే.

16 ఎం.ఎం. రాడ్డు బరువెంత?

ఇనుముతో పనిచేసే ఎవరికైనా ఒక సూత్రం నోటికొచ్చు. రాడ్డు మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. ఉక్కు ఘనపు మీటరుకు 7,850 కిలోలు తూగుతుంది. గుండ్రటి రాడ్డు వైశాల్యంతో దాన్ని గుణించి యూనిట్లు సరిచేస్తే 162 దానంతటదే తేలుతుంది.

ఇప్పుడు బద్ద చేతిలోకి తీసుకుందాం. 162కు వర్గమూలం 12.73. సీ స్కేలు మీది 1.273ను డీ స్కేలు ఎడమ చివరి 1 మీదికి తెస్తే స్లైడు కొంచెం ఎడమకు బయటికొస్తుంది. ఇక దాన్ని కదపనక్కర్లేదు. కర్సర్‌ను సీ మీద 1.6 దగ్గర నిలిపి ఏ స్కేలు మీద చూస్తే 1.58 ఉంటుంది. అది 16 ఎం.ఎం. రాడ్డు మీటరు బరువు. 2 దగ్గర నిలిపితే 2.47, అది 20 ఎం.ఎం.ది. 25కు 3.86, 32కు 6.32. కుడివైపు 8 దగ్గరికి పోతే 39.5 కనిపిస్తుంది, అంటే 8 ఎం.ఎం. రాడ్డుకు 0.395 కిలో. అయితే 12 ఎం.ఎం. మాత్రం దొరకదు. సీ మీది 1.2 బద్ద చివర దాటి గాలిలో ఉంటుంది. స్లైడును కుడివైపుకు లాగి, 1.273ను డీ కుడి చివరకు ఎదురుగా పెడితే అప్పుడు 88.9 తేలుతుంది, అంటే 0.889 కిలో. చేయి తిరిగినవాళ్లు ఇలా బయటికి పోయే లెక్కను ముందే పసిగట్టి ఏ చివర వాడాలో నిర్ణయించుకుంటారు.

మా వీధిలో డ్రాయింగాఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. పుట్టింది ఇక్కడే అయినా ఇంట్లో మాట్లాడే శ్రీకాకుళం మాట పోలేదు. నేను కర్సర్ గీత కింద చూసి, “నూట యాభై ఎనిమిది బాబాయ్” అన్నాను.

“నూట యాభై ఎనిమిది ఏటి? కేజీలా, గ్రాములా?” అన్నారాయన. “బద్ద నీకు అంకెలే సెప్తాది. సుక్క నువ్వే పెట్టాల. రాడ్డు సేత్తో ఎత్తినోడికి ఎక్కడ పెట్టాలో తెలుస్తాది.”

స్లైడ్ రూలు వాడకంలో సగం విద్య ఈ మాటలో ఉంది. దానికి 1.58కీ, 15.8కీ, 158కీ తేడా తెలియదు. అందుకని బద్ద ముట్టుకోకముందే సుమారు లెక్క ఒకటి మనసులో వేసుకోవాలి. 16ను 16తో గుణిస్తే 250 దరిదాపు, దాన్ని 160తో భాగిస్తే ఒకటిన్నర. కనుక చుక్క 1 తర్వాత పడాలి. కూడికలు, తీసివేతలు కూడా దీంతో కావు, అవి కాగితం మీదే చేసుకోవాలి. పాతతరం ఇంజనీరు రోజంతా చుక్కలు పెట్టుకుంటూ గడిపేవాడు కాబట్టి, ఏ సంఖ్య ఎంత ఉండాలో అతనికి ఒంటబట్టేసేది.

మూడంకెలు చాలా?

ఈ సరదా ఉందంటే ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే. ఫోన్లో అదే లెక్క వేస్తే 1.580246914 వస్తుంది. స్లైడ్ రూలు 1.58 దగ్గరే ఆగిపోతుంది. 25 సెంటీమీటర్ల బద్ద మీద కంటి చూపు మిల్లీమీటరులో పదోవంతు తప్పినా జవాబులో తేడా వెయ్యికి ఒకటి కూడా ఉండదు. స్కేలు మీద ఎక్కడ చూసినా అదే నిష్పత్తి. లాగరిథమ్ గీతల ఇంకో గొప్ప ఇది.

మరి రాడ్డు సంగతేమిటి? కాంక్రీటులో వేసే ఊచలకు భారత ప్రమాణం ఐఎస్ 1786. 10 ఎం.ఎం. దాటి 16 ఎం.ఎం. వరకు ఉన్న రాడ్ల బరువులో నూటికి అయిదు హెచ్చుతగ్గులను అది ఒప్పుకుంటుంది. అంటే మీటరు 1.50 కిలో తూగినా 1.66 కిలో తూగినా అది 16 ఎం.ఎం. రాడ్డే. రోలింగ్ మిల్లు రెండో అంకె దగ్గరే ఊగుతుంటే, ఫోను చూపించే తొమ్మిదో దశాంశ స్థానం ఎవరికి కావాలి? స్లైడ్ రూలు ఇచ్చే మూడంకెలు వస్తువు ఇవ్వగలిగిన కచ్చితత్వం కంటే ఎక్కువే. ఎన్ని అంకెలు నమ్మొచ్చో దాన్ని వాడేవాడికి రోజూ కళ్లముందే ఉండేది.

ఆ మూడంకెల మీద ఎంత కట్టారో చూడండి. 1943లో తెరిచిన హౌరా వంతెనకు 26,500 టన్నుల ఉక్కు పట్టింది. అందులో 23,000 టన్నులు మా జంషెడ్‌పూర్ నుంచి పోయినదే. ఆ వంతెనను గీసి లెక్కగట్టిన రోజుల్లో మన దేశంలో ఎలక్ట్రానిక్ కంప్యూటర్ అన్నదే లేదు. 1955లో పునాదిరాయి పడి, 1967లో కాలువలకు నీళ్లు వదిలిన నాగార్జునసాగర్ కూడా స్లైడ్ రూళ్ల కాలపు కట్టడమే. అమెరికాలో పికెట్ సంస్థ చేసిన అరచేతి పొడవు అల్యూమినియం బద్ద అపోలో వ్యోమగాముల వెంట కూడా వెళ్లింది.

ముగింపు మాత్రం చాలా త్వరగా వచ్చేసింది. 1972లో హ్యూలెట్ ప్యాకార్డ్ హెచ్‌పీ-35 అనే జేబు కాలిక్యులేటర్‌ను 395 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. అప్పటి మారకంలో దాదాపు 3,000 రూపాయలు. సైన్, కొసైన్, లాగరిథమ్ అన్నీ మీట నొక్కితే వచ్చేశాయి, చుక్క కూడా అదే పెట్టేసింది. నాలుగైదేళ్లలో ధరలు పడిపోయాయి, పెద్దపెద్ద సంస్థలు స్లైడ్ రూళ్ల తయారీ ఆపేశాయి. మన దేశంలో కాలిక్యులేటర్లు ఖరీదుగా ఉన్నందువల్ల ఇంజనీరింగు కాలేజీల్లో స్లైడ్ రూలు ఇంకొన్నేళ్లు బతికింది. గుండ్రటి రకం మాత్రం పూర్తిగా పోలేదు. విమానం నడపడం నేర్చుకునేవాళ్లు ఇంధనం, సమయం, గాలి లెక్కలకు ఈ6బి అనే చక్రాన్ని ఇంకా తిప్పుతున్నారు.

పోగుచేయాలంటే

1991లో అమెరికాలో సేకరణదారులు ఆట్రెడ్ పేరిటే ఒక సంఘం పెట్టుకున్నారు. మనకు అంత హంగు అక్కర్లేదు. పాత సామాన్ల దుకాణాలు, రిటైరైన ఇంజనీర్ల ఇళ్లు చాలు. కొనేముందు మూడు చూడాలి. స్లైడు ఆ చివరినుంచి ఈ చివరికి ఒకే బిగువులో జారాలి. రెండు చివర్లలోని 1లు ఎదురెదురుగా పెట్టినప్పుడు మధ్య గీతలన్నీ కలవాలి. కర్సర్ గాజు పగలకుండా ఉండాలి, దాన్ని బతికించడమే అన్నిటికంటే కష్టం. హెమ్మి బద్ద అయితే దానిమీద రెండక్షరాల గుర్తు వెతకండి. మొదటి అక్షరం ఏడాదిది, 1950కి ఏ. రెండోది నెలది, జనవరికి ఏ. ‘పిఎఫ్’ అని ఉంటే 1965 జూన్ అన్నమాట. ‘ఆక్రమిత జపాన్‌లో తయారైనది’ అని ఇంగ్లిష్‌లో ఉంటే అది రెండో ప్రపంచయుద్ధం తర్వాత, 1952కు ముందు చేసినది.

శుభ్రం చేయడానికి సబ్బునీటిలో ముంచి బాగా పిండిన మెత్తటి గుడ్డ చాలు. స్పిరిట్, థిన్నర్ తగిలితే గీతల రంగు, సెల్యులాయిడ్ రెండూ పోతాయి. స్లైడు పట్టేస్తే అంచులకు కొవ్వొత్తి మైనం పలచగా రుద్దాలి, నూనె వేయకూడదు. సెల్యులాయిడ్‌కు ఎండ పడదు, గాలాడని ప్లాస్టిక్ సంచీ కూడా పడదు. అది తొందరగా అంటుకునే పదార్థం కూడా, కాబట్టి పొయ్యికి దూరంగా ఉంచాలి.

ఇక వాడకం. గాజుపెట్టెలో పెట్టి చూసుకునేవాళ్లున్నారు గానీ, అందులో సగం ఆనందమే దక్కుతుంది. ఏ, బీ, సీ, డీ స్కేళ్లున్న 25 సెంటీమీటర్ల మామూలు బద్దతో మొదలుపెట్టండి. తులాలను గ్రాముల్లోకి మార్చండి. తులం 11.66 గ్రాములు కాబట్టి, సీ మీది 1ని డీ మీది 1.166కు ఎదురుగా పెడితే తులాలకు ఎదురుగానే గ్రాములు కనిపిస్తాయి, బద్ద చివర దాటిపోతే రెండో చివరి 1 వాడాలి. ప్రతి లెక్కకూ ముందు జవాబు సుమారు ఎంతో కాగితం మీద రాసుకుని, తర్వాతే బద్ద జరపండి. చివర్లో ఫోన్‌తో సరిచూసుకోండి. తేడా మూడో అంకెలో వస్తే పర్వాలేదు. చుక్క చోటు తప్పితే మాత్రం తప్పు బద్దది కాదు, మనది. అలా కొన్నాళ్లు చేశాక, ఇల్లు కట్టేటప్పుడు ఇనుము బిల్లులో ఒక సున్నా ఎక్కువ పడితే కాగితం చేతికి రాగానే పట్టేస్తారు. దానికి బద్ద బయటికి తీయాల్సిన పని కూడా ఉండదు.