రూపచిత్రం జీవనోపాధి, భూదృశ్యం మిగులు: ఆలేరు ప్రాంత ఛాయాచిత్రకారుని వృత్తి – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: చిన్న పట్టణాల ఫొటో స్టూడియోలు తెలుగు ప్రాంతాల సాంఘిక చరిత్రకు ముఖ్యమైన ఆకరాలు. అయినా పరిశోధకుల దృష్టి వాటిపై తగినంతగా పడలేదు. ఆలేరు పరిసరాలను ఆధారంగా చేసుకొని, స్థానిక ఛాయాచిత్రకారుని వృత్తిలో రూపచిత్రానికీ భూదృశ్యానికీ ఉన్న సంబంధాన్నీ, ఆ సంబంధాన్ని నిర్ణయించిన ఆర్థిక కారణాలనూ, నెగటివ్‌ల నాశనం వల్ల కలుగుతున్న నష్టాన్నీ ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ఫొటో స్టూడియో, రూపచిత్రం, భూదృశ్యం, నెగటివ్, ఆలేరు, కొలనుపాక, యాదగిరిగుట్ట.

ప్రవేశిక

హైదరాబాదు నుండి వరంగల్లు వెళ్ళే దారిలో, సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఆలేరు ఉంది. పూర్వపు నల్లగొండ జిల్లాలోని ఈ పట్టణం 2016 జిల్లాల పునర్వ్యవస్థీకరణతో యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరింది. ఒకవైపు భువనగిరి ఏకశిలా దుర్గం, యాదగిరిగుట్ట ఉన్నాయి. మరోవైపు కళ్యాణి చాళుక్యుల కాలంలో ప్రముఖ కేంద్రంగా వెలిగి, నేటికీ జైనులకూ వీరశైవులకూ పవిత్రక్షేత్రంగా ఉన్న కొలనుపాక ఉంది. చుట్టూ చెల్క నేలలు, చెరువు కట్టలు, తాటివనాలు, ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండే బండరాళ్ళు కనిపిస్తాయి. దృశ్యాలకు కొదువలేని చోటు ఇది. అయినా ఇటువంటి చోట కెమెరాను నమ్ముకొని బతికినవారికి ఈ దృశ్యాలు కూడు పెట్టలేదు. కూడు పెట్టినది మనిషి ముఖం. కెమెరా కొన్న రోజు నుండి కంటిముందున్న నేలను చిత్రించాలన్న కోరిక ఉన్నప్పటికీ, దానికి డబ్బిచ్చేవారు లేకపోవడం ఈ వృత్తి స్వభావాన్నే నిర్ణయించింది.

దృశ్యానికి ధర ఎవరు చెల్లించారు?

పరిస్థితి మొదటి నుండీ ఇలా లేదు. నిజాం రాజ్యంలో ఛాయాచిత్రకళకు పేరు తెచ్చిన రాజా దీన్‌దయాళ్ (1844–1905) ఉదాహరణ ఇక్కడ అవసరం. మీరట్ సమీపంలోని సర్ధానాలో జన్మించి, రూర్కీలోని థామసన్ కళాశాలలో ఇంజనీరింగు విద్య నేర్చి, ఇందోరులో ఉద్యోగం చేసిన దీన్‌దయాళ్ తరువాత ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యాడు. సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పాడు. ప్రభువుల రూపచిత్రాలు ఎన్ని తీశాడో కోటలు, దేవాలయాలు, రాజభవనాలు, సైనిక విన్యాసాలు, వేట శిబిరాల చిత్రాలు అంత విరివిగా తీశాడు. ఆ దృశ్యాలకు కొనుగోలుదారులు ఉన్నారు. తన రాజ్యాన్ని అతిథులకు ఆల్బముగా చూపించుకోదలచిన ప్రభువు ఉన్నాడు, చూసిన దేశాన్ని వెంట తీసుకుపోదలచిన ఆంగ్లేయ అధికారి ఉన్నాడు.

సికింద్రాబాదు నుండి వరంగల్లు వైపు రైలుమార్గం వేసినది కూడా 1880లలోనే. ఆ మార్గంలోనే ఆలేరు స్టేషను ఉంది. రాజధానిలో కెమెరా సామగ్రి దొరికే దుకాణాలకూ పల్లెప్రాంతానికీ మధ్య రాకపోకలు ఈ రైలు వల్ల సులువయ్యాయి. అయితే కెమెరా ఆస్థానం నుండి అంగడికి దిగినప్పుడు భూదృశ్యాన్ని పోషించిన ప్రభువు దానితోపాటు దిగిరాలేదు. స్టూడియోకు వచ్చిన రైతుకు, నేతగానికి, గీతకార్మికునికి తన ఊరి చెరువు చిత్రంతో పనిలేదు. దానిని ఆయన రోజూ చూస్తూనే ఉన్నాడు. తన ముఖం, తన బిడ్డ ముఖం కాగితంపై నిలవాలన్నదే ఆయన కోరిక.

పరదా మీది ప్రకృతి

భూదృశ్యం అయినప్పటికీ పూర్తిగా మాయం కాలేదు, స్టూడియోలోపలికి పరదా రూపంలో వచ్చింది. పాత స్టూడియో చిత్రాలలో మనుషుల వెనుక కనిపించే సరస్సు, మెట్లు, పాలరాతి స్తంభాలు, కొబ్బరిచెట్లు, మంచుకొండలు అద్దకపు రంగులతో చేతితో గీసినవి. తాటిచెట్లూ గుండ్రాళ్ళూ గీసిన పరదా కనిపించడం అరుదు. కరువు ప్రాంతపు మనిషి నీటి ఒడ్డున నిలబడి చిత్రం తీయించుకోవడాన్ని కేవలం అభిరుచిలేమిగా కొట్టివేయడం సరికాదు. ఆ పరదా ఆనాటి ఆకాంక్షల పట్టిక. చేతికి గడియారం, పక్కన రేడియో, బల్లపై ప్లాస్టిక్ పూలకుండీ కూడా ఆ పట్టికలోనివే. వీటిలో చాలావరకు స్టూడియో యజమాని సమకూర్చినవే. కోటు సైతం అక్కడే వేలాడుతూ ఉండేది, ఎవరి భుజాలకు పట్టకపోయినా అందరి ఫొటోలలోనూ అదే కోటు కనిపిస్తుంది.

నిజమైన భూదృశ్యం మిగిలిపోయిన ఫ్రేములలో దొరికింది. యాషికా వంటి జంట కటకాల కెమెరాలలో వాడే 120 రకం రీలుకు 12 చతురస్రపు ఫ్రేములు వస్తాయి. రీలు పూర్తయితే గాని కడగడం లాభసాటి కాదు. ‘ఫొటో ఎప్పుడు ఇస్తావు?’ అన్న ప్రశ్నకు ‘రీలు అయిపోయినాక’ అన్న జవాబు ఈ కారణంగా పుట్టినదే. గిరాకీ లేని రోజున రీలు ముగించడానికి మిగిలిన ఒకటి రెండు ఫ్రేములను వీధి మీదనో, కట్ట మీదనో, వాన వెలిసిన ఆకాశం మీదనో ఖర్చుచేసేవారు. అవి ఎవరూ అడగని, ఎవరికీ అమ్మని చిత్రాలు. చాలావాటికి ప్రింటు కూడా వేసి ఉండరు. స్థానిక భూదృశ్య చిత్రణ చరిత్ర రాయదలచినవారు వెతకవలసింది ప్రదర్శనల జాబితాలలో కాదు, ఈ రీళ్ళ చివరి ఫ్రేములలో.

చీకటిగది పని

మారుమూల స్టూడియోలకు ఫిల్ము అందుబాటులోకి రావడానికి విధానపరమైన కారణాలు కూడా ఉన్నాయి. ఉదకమండలంలో 1960లో స్థాపితమైన హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో నలుపు–తెలుపు ఫిల్మునూ కాగితాన్నీ తయారుచేసింది. తూర్పు జర్మనీ నుండి ‘ఓర్వో’ ఫిల్ము వచ్చేది.

ఎర్రదీపం వెలుతురులో కాగితాన్ని డెవలపర్‌లో ముంచి, నీటిలో కడిగి, హైపోలో నిలిపి, తిరిగి ఎక్కువసేపు కడగాలి. వేసవిలో కుళాయి నీరే వేడిగా ఉండే ఈ ప్రాంతంలో డెవలపర్ ఉష్ణోగ్రతను అదుపులో ఉంచడం కష్టమైన పని. నీటి కొరత ఉన్నచోట కడగడం తగ్గుతుంది. సరిగా కడగని ప్రింటులో హైపో మిగిలిపోయి కొన్నేళ్ళకు పచ్చబారుతుంది. పాత ఫొటోల పసుపు మరకలలో ఆ ఊరి నీటి ఎద్దడి కూడా చదవవచ్చునంటే అతిశయోక్తి కాదు.

టచింగు పని మరింత సున్నితమైనది. నెగటివ్‌లో వెలుగునీడలు తారుమారుగా ఉంటాయి. ముఖంపై అమ్మవారి మచ్చలు నెగటివ్‌లో పలుచని చుక్కలుగా కనిపిస్తాయి. ఆ చుక్కలను సన్నగా చెక్కిన పెన్సిలుతో నింపితే అక్కడ కాంతి తక్కువగా దిగి, ప్రింటులో చర్మం నునుపుగా తేలుతుంది. మశూచి చివరి కేసు దేశంలో 1975లో నమోదైంది. అంతకుముందు పుట్టిన తరం మచ్చలు లేని ముఖాలతో గోడలమీద నిలిచిందంటే అందులో ఈ పెన్సిలు పాత్ర ఉంది. ఇటువంటి చిత్రాలను యథాతథ సాక్ష్యంగా తీసుకొనే పరిశోధకుడు పొరపడతాడు. అయితే ఆ మనిషి ఎలా కనిపించాలనుకున్నాడో తెలియజేయడంలో వాటికి మించిన సాక్ష్యం లేదు.

గిరాకీ నడిచే తీరు

ఈ వృత్తికి పంచాంగమే పద్దుపుస్తకం. మాఘం నుండి జ్యేష్ఠం వరకు, మళ్ళీ శ్రావణంలో ముహూర్తాలు ఉన్నంతకాలం పెండ్లి పని ఉంటుంది. ఆషాఢంలోనూ మౌఢ్యమి రోజులలోనూ అంగడి అద్దె, కరెంటు బిల్లు మాత్రమే ఉంటాయి. ఆ ఖాళీని పాస్‌పోర్టు సైజు ఫొటో నింపింది. బడిలో ప్రవేశాలు, పరీక్షల హాల్‌టికెట్లు, పట్టాదారు పాసుపుస్తకాలు, పింఛన్లు ఇలా ప్రభుత్వం ముఖాన్ని అడిగిన ప్రతిసారీ స్టూడియో ముందు వరుస కట్టారు. ఎన్నికల సంఘం 1993లో ఓటరు గుర్తింపు కార్డులను తప్పనిసరి చేయాలని నిర్ణయించిన తరువాత, అంతవరకు ఒక్కసారి కూడా కెమెరా ముందు కూర్చోని వృద్ధులు సైతం కూర్చోవలసివచ్చింది. ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందన్న నమ్మకాన్ని హేతువాదం కంటే ఎక్కువగా కార్డులే సడలించాయనిపిస్తుంది.

చావు ఇంటి నుండి వచ్చే గిరాకీ వేరు. దినాలకు దండ వేయడానికి ఫొటో కావాలి. మరణించిన స్త్రీకి విడిగా తీయించిన చిత్రం తరచుగా ఉండదు. ఏ పెండ్లి గుంపు ఫొటోలోనో మూడో వరుసలో, కొంగు సగం కప్పిన ముఖం దొరుకుతుంది. దానిని తిరిగి కెమెరాతో తీసి, పక్కవారి భుజాన్ని చెరిపి, కొంగు అంచు గీసి, పెద్దది చేసి, చట్రం కట్టించి ఇవ్వాలి. ఒక స్త్రీ జీవితమంతటికీ మిగిలిన ఏకైక రూపచిత్రం ఆమె మరణానంతరం తయారైన సందర్భాలు ఉన్నాయి. కుటుంబంలో ఎవరి ముఖానికి విడి ఫ్రేము దక్కింది, ఎవరికి దక్కలేదు అన్న ప్రశ్న స్త్రీవాద అధ్యయనాలకు విలువైన సామగ్రి.

బయటివారి చూపు, స్థానికుని చూపు

నల్లగొండ ప్రాంతాన్ని బయటి ప్రపంచం చూసినది ఎక్కువగా ఇతరులు తీసిన చిత్రాల ద్వారానే. 1943 నాటి బెంగాల్ కరువు చిత్రాలతో ప్రసిద్ధుడైన సునీల్ జానా తెలంగాణ సాయుధ పోరాటాన్నీ చిత్రించాడు. తరువాతి కాలంలో మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల ఫ్లోరోసిస్ బాధితుల చిత్రాలు పత్రికలలో విస్తృతంగా వచ్చాయి. ఫ్లోరైడును తొలగించే ఒక శుద్ధి పద్ధతికే ‘నల్లగొండ టెక్నిక్’ అన్న పేరు స్థిరపడింది. ఆ చిత్రాలు అవసరమైనవి. వంగిన ఎముకలను చూపకుండా ఆ సమస్యను పాలకులకు అర్థం చేయించడం సాధ్యమయ్యేది కాదు. అయితే అక్కడ మనిషి ఒక సమస్యకు నమూనాగా నిలుస్తాడు. అదే మనిషి తన ఊరి స్టూడియోలో కుర్చీలో కూర్చొని, తల దువ్వుకొని, నడుము వరకు మాత్రమే తీయమని అడిగి తీయించుకొంటే ఆ చిత్రం ఇంకొక మాట చెబుతుంది. ఫ్రేము ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో నిర్ణయించే హక్కు డబ్బు చెల్లించినవానిది కావడమే దీనికి కారణం.

ఈ రెండింటి నడుమ మూడవ దారి తొక్కినవారిలో వరంగల్లుకు చెందిన గుడిమళ్ళ భరత్ భూషణ్ ముఖ్యుడు. పత్రికలలో పనిచేస్తూనే తెలంగాణ పల్లె ఇండ్లు, దర్వాజలు, స్త్రీలు, బతుకమ్మ ఆటలు దశాబ్దాలపాటు చిత్రించాడు. 2022 జనవరిలో మరణించే నాటికి ప్రాంతీయ అస్తిత్వాన్ని దృశ్యరూపంలో నిలిపినవాడిగా గుర్తింపు పొందాడు. జీతం ఇచ్చే పని ఒకటి, జీవితం ఇచ్చిన పని మరొకటి కావడం ఆయన విషయంలోనూ కనిపిస్తుంది. ఆలేరు వంటి పట్టణపు స్టూడియో యజమానికి ఆ రెండవ పనికి వేదికైన పత్రికా లేదు, ప్రదర్శనశాలా లేదు.

వెనుక నిలిచిన కొండ

స్థానిక రూపచిత్రాలలో భూదృశ్యం అనుకోకుండా నమోదైన తీరుకు యాదగిరిగుట్ట మంచి ఉదాహరణ. మొక్కు తీర్చుకున్న భక్తులు గుడి ముందు నిలబడి ఫొటో తీయించుకోవడం పరిపాటి. వారి దృష్టిలో అది కుటుంబ చిత్రం. 2016లో బాలాలయం ఏర్పాటై, పునర్నిర్మాణం జరిగి, 2022 మార్చి 28న ప్రధానాలయ దర్శనాలు తిరిగి మొదలయ్యేనాటికి కొండ ఆకృతి పూర్తిగా మారిపోయింది. పాత మెట్లు, మండపాలు, దుకాణాల వరుస ఎలా ఉండేవో చెప్పగలిగినవి ఇప్పుడు ఆ కుటుంబ చిత్రాల వెనుక భాగాలే. రహదారి విస్తరణకు ముందటి బజార్లకూ, క్వారీలు తొలిచిన గుట్టలకూ ఇదే వర్తిస్తుంది. దక్కను పీఠభూమి శిలలను కాపాడుకోవాలని హైదరాబాదులో 1996లో ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ ఏర్పడింది. జిల్లాలలో మాయమైన గుట్టలకు అటువంటి నమోదు ఎంతవరకు ఉన్నదంటే, పెండ్లికొడుకు భుజం వెనుక కనిపించినంతవరకే.

నెగటివ్‌ల గతి

నలుపు–తెలుపు నెగటివ్‌లో కనిపించే నలుపు శుద్ధమైన వెండి. అందువల్లనే పాత నెగటివ్‌లను, వాడిన హైపోను వెండి కోసం కొనేవారు ఉన్నారు. గాజుపలకలైతే పైపొర కడిగివేసి అద్దాలుగా వాడుకున్నారు. దీన్‌దయాళ్ స్టూడియో గాజుపలకలలో 2,857 పలకలను ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో సేకరించగలిగింది. జిల్లాల స్టూడియోలకు ఆ భాగ్యం లేదు. రేకుల కప్పు కింద ఇనుప బీరువాలో ఉన్న అసిటేట్ ఫిల్ము వేడికి, తేమకు విచ్ఛిన్నమై పుల్లని వాసన వేస్తుంది, ముడుచుకుంటుంది, పొర పగులుతుంది. ఆ దశ దాటితే స్కానింగుకు కూడా పనికిరాదు. రంగుల మినీల్యాబులు వచ్చాక చీకటిగదులు మూతపడ్డాయి. డిజిటల్ కెమెరా వచ్చాక నెగటివ్ అన్న వస్తువే లేకుండాపోయింది. పెండ్లి చిత్రాలు ఆల్బము డిజైను అయ్యేవరకు హార్డ్‌డిస్కులో ఉండి, తరువాతి ముహూర్తాలకు చోటు చేయడానికి చెరిపివేతకు గురవుతున్నాయి. కాలానుగుణంగా చూస్తే 1970ల నాటి స్టూడియో కంటే 2005 నాటి స్టూడియో నుండి తక్కువ మిగిలే అవకాశముంది.

విశ్వవిద్యాలయాల చరిత్ర, తెలుగు, జర్నలిజం శాఖల పరిశోధకులు ఈ సామగ్రిని చేరుకోవడానికి మొదట కావలసింది ఖరీదైన యంత్రాలు కాదు. స్టూడియో యజమాని బతికి ఉండగా ఆయన పక్కన కూర్చొని నెగటివ్ కవర్లను చూడటం. ప్రతి కవరు మీద ఒక అంకె ఉంటుంది. ఆ అంకె రసీదు పుస్తకంలో ఒక తేదీకి, ఒక ఊరికి, చెల్లించిన అడ్వాన్సుకు, మిగిలిన బాకీకి ముడిపడి ఉంటుంది. రసీదు పుస్తకం పోతే నెగటివ్ అనామకమవుతుంది, నెగటివ్ పోతే పుస్తకం ఒట్టి పద్దుల పట్టికగా మిగులుతుంది. స్త్రీల చిత్రాల విషయంలో, మరణించినవారి చిత్రాల విషయంలో కుటుంబాల అనుమతి లేకుండా ప్రచురణకు పూనుకోరాదు. స్టూడియో యజమాని ఆ చిత్రాలను ఇంతకాలం ఎవరికీ చూపకుండా దాచినది ఆ నమ్మకం మీదనే. పుస్తకాన్నీ పెట్టెనూ ఒకేచోట ఉంచి, కవరు అంకెలకు ఎదురుగా పేర్లు రాయించుకోవడం మొదటి పని. ముఖం చూసి ఊరు చెప్పగలిగినవారు ఆ అంగడిలో ఇంకా ఉన్నారు.