ఐదేళ్ళ ఒప్పందం, నలభై ఏళ్ళ కుట్టుమిషను

మా నాయనమ్మ కుట్టుమిషను ఇప్పటికీ మొరిషస్‌లో మా చిన్నాన్న ఇంట్లో ఉంది. చేత్తో తిప్పే నల్ల సింగర్. దాని మీది బంగారు రంగు లతలు చాలావరకు చెరిగిపోయాయి గానీ, పిడి పట్టి తిప్పితే సూది ఇప్పటికీ తడబడకుండా దిగుతుంది. పగలంతా చెరుకు తోటలో పని చేసి, రాత్రి దీపం ముందు ఇరుగుపొరుగు వాళ్ళ జాకెట్లు, పిల్లల లాగులు కుట్టి మా నాన్నను బడికి పంపిందని ఇంట్లో అందరూ చెబుతారు. ఉగాదికి ఇల్లు కడిగినప్పుడు మిషనుకు కూడా పసుపు, బొట్టు పెడతారు.

నేను జర్మనీలో లైప్‌జిగ్ నగరానికి వచ్చి పదమూడేళ్ళయింది. సింగర్ కంపెనీకి ఈ దేశంలో, ఎల్బ్ నది ఒడ్డున విట్టెన్‌బెర్గె అనే ఊళ్ళో పెద్ద కర్మాగారం ఉండేదని తెలిసిన రోజు చిన్నాన్నకు ఫోను చేసి మిషను మీది నంబరు చదవమన్నాను. ముందు ‘సి’ అక్షరం ఉంటే విట్టెన్‌బెర్గెలో తయారైనట్టు. ఆయన కళ్ళజోడు వెతుక్కుని, మిషనును వెలుతురులోకి జరిపి, ‘‘వై’’ అన్నాడు. వై అంటే స్కాట్లాండులోని క్లైడ్‌బ్యాంక్. చిన్నాన్నకు ఏమీ అనిపించలేదు, నేనే చిన్నబుచ్చుకున్నాను. (ఎల్బ్ అన్న పేరు ఫిజీ పాఠకులకు కొత్త కాదు. 1903లో మద్రాసు రేవు నుంచి మొదటి దక్షిణాది గిర్మిటియాలను ఫిజీ చేర్చిన ఓడ పేరు అదే.)

అయినా విట్టెన్‌బెర్గె నన్ను వదల్లేదు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అక్కడి యంత్రాలను నష్టపరిహారం కింద సోవియట్ వాళ్ళు విప్పి తీసుకుపోయారు. మిగిలిన గోడల మధ్య పని మళ్ళీ మొదలైంది. తూర్పు జర్మనీ ప్రభుత్వం కింద అదే చోట వెరిటాస్ పేరుతో కుట్టుమిషన్లు తయారయ్యాయి. దేశం ఏకమైన కొద్ది కాలానికే ఆ కర్మాగారం మూతపడింది. దాని గడియారం గోపురం మాత్రం ఇంకా నిలబడి ఉంది.

ఆ వెరిటాస్ మిషనును నేను మొదట చూసింది మా వీధి చివర బట్టలు సరిచేసే చిన్న దుకాణంలో. దుకాణం నడిపే ఆవిడ వియత్నాం మనిషి, అరవై దాటింది. నా పాంటు అంచు కుడుతూ ఉంటే, ఆ మిషను ఎప్పటిదని అడిగాను. ‘‘దీనికీ నాకూ ఒకటే వయసు, ఈ దేశంలో’’ అంది. 1987లో ఐదేళ్ళ ఒప్పందం మీద నూలు మిల్లులో పనికి వచ్చిందట. మొదటి ఏడాది కూడబెట్టిన జీతంతో రెండు మిషన్లు కొని, ఒకటి చెక్కపెట్టెలో పెట్టి ఓడ మీద అమ్మకు పంపి, రెండోది తన దగ్గర ఉంచుకుందట.

ఐదేళ్ళ ఒప్పందం అనగానే నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. మీకూ అంతే అయి ఉంటుంది.

తూర్పు జర్మనీలో పనిచేసే చేతులు చాలక, ఆ ప్రభుత్వం మిత్రదేశాల నుంచి మనుషులను ఒప్పందాల మీద రప్పించింది. మొజాంబిక్‌తో 1979లో, వియత్నాంతో 1980లో ఒప్పందం కుదిరింది. 1989 నాటికి వియత్నాం వాళ్ళే సుమారు 60,000 మంది ఇక్కడ ఉన్నారు. వాళ్ళను ‘ఒప్పందపు పనివాళ్ళు’ అనేవారు. అగ్రిమెంటు మన నాలుకల మీద గిర్మిట్ అయింది. ఇక్కడ జర్మన్ మాటలోనే ‘ఒప్పందం’ దాగి ఉంది. హాస్టల్లో మనిషికి ఐదు చదరపు మీటర్ల చోటు. గర్భం వస్తే చాలాకాలం ఆడవాళ్ళ ముందు రెండే దారులు ఉండేవి: తీయించుకోవడం, లేదా తిరుగు విమానం. వియత్నాం వాళ్ళ జీతంలో 12 శాతం ‘మాతృదేశ నిర్మాణం’ పేరుతో వాళ్ళ ప్రభుత్వానికి పోయేది. మొజాంబిక్ వాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. జీతంలో పెద్ద భాగాన్ని, కొన్నేళ్ళు 60 శాతం దాకా, పట్టి ఉంచి ఇంటికి వెళ్ళాక ఇస్తామన్నారు. ఆ డబ్బు రెండు ప్రభుత్వాల మధ్య అప్పుల లెక్కలో కలిసిపోయింది. ఆ పనివాళ్ళు, ఇప్పుడు ముసలివాళ్ళు, మపూటో వీధుల్లో దశాబ్దాలుగా ఊరేగింపులు చేస్తూనే ఉన్నారు. మొరిషస్ తోటల్లో ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసిన ‘డబుల్ కట్’ గురించి విన్నవాళ్ళకు ఇది వేరే కథలా అనిపించదు.

కొరడాలు, మూడునెలల సముద్ర ప్రయాణం వీళ్ళకు లేవు. రెండూ ఒకటేనని నేను అనను. కానీ మార్కులు వియత్నాంలో చెల్లవు కాబట్టి, మిగిలిన జీతాన్ని వాళ్ళు వస్తువులుగా మార్చి పంపేవారు. కుట్టుమిషన్లు, సైకిళ్ళు, సూల్ ఊళ్ళో తయారైన సిమ్సన్ మోపెడ్లు, సబ్బులు. చక్కెర కూడా. చెరుకు తోటల మనవరాలిగా ఆ చివరి మాట దగ్గర నేను కాసేపు ఆగాను.

ఇంతకీ ఆ వస్తువులు ఎందుకంత మన్నాయి? అదే సూల్‌లో తయారైన ఆర్‌జి 28 అనే చేతి మిక్సీని తూర్పు వైపు ఇళ్ళల్లో ఇప్పటికీ చూడవచ్చు. ‘మిక్సీలు స్వర్గానికి వెళ్తాయా?’ అన్న అర్థం వచ్చే పేరుతో దాని మీద 2016లో ఒక డాక్యుమెంటరీ కూడా వచ్చింది. ష్వార్త్సెన్‌బెర్గ్ ఊరి డబ్ల్యూఎం 66 బట్టల యంత్రం ఇంకా మొరటుది. ఒక తొట్టి, కింద నీళ్ళను తిప్పే పళ్ళెం, మోటారు, హీటరు, టైమరు. పిండడం దానికి రాదు. నీళ్ళు మరిగిస్తుంది కాబట్టి జనం అందులో పండ్ల సీసాలు ఉడకబెట్టి నిలవ పెట్టుకునేవారు, సాసేజీలు కూడా వేడి చేసుకునేవారు. పాడవడానికి అందులో పెద్దగా ఏమీ లేదు, పాడైనా విప్పితే కారణం కంటికి కనిపిస్తుంది.

దీనికి ఆ రాజ్యాన్ని పొగడాల్సిన పని లేదు. ముడిసరుకు కొరత, కొత్తది కొనాలంటే ఎదురుచూపు. ఉన్నదాన్ని బాగుచేసుకోక తప్పని జనం. పడమటి వైపు గ్యూటర్స్‌లోలో మీలె కంపెనీ వాళ్ళు ఏ కొరతా లేకుండానే బట్టల యంత్రాలను ఇరవై ఏళ్ళ వాడకానికి సరిపడా పరీక్షించి అమ్ముతున్నారు, ధర కూడా ఆ మేరకే ఉంటుంది. అంటే గట్టిగా చేయడం తెలియక కాదు. జర్మనీ పర్యావరణ సంస్థ చేయించిన అధ్యయనంలో, ఐదేళ్ళలోపే పాడై మార్చాల్సి వచ్చిన పెద్ద గృహ యంత్రాల వాటా 2004లో 3.5 శాతం ఉంటే, 2012 నాటికి 8.3 శాతానికి పెరిగిందని తేలింది. అదే అధ్యయనం ఇంకొకటి కూడా చెప్పింది, అది మనకు ఇబ్బందికరం: మార్చిన యంత్రాల్లో సుమారు మూడో వంతు ఇంకా పనిచేస్తున్నవే. 2021 నుంచి యూరప్‌లో అమ్మే బట్టల యంత్రాల ముఖ్యమైన విడిభాగాలు పదేళ్ళపాటు దొరకాలన్న నిబంధన వచ్చింది. అదే ఏడాది పక్కనే ఉన్న థ్యూరింగియా రాష్ట్రం, ఇంటి ఎలక్ట్రిక్ వస్తువు బాగుచేయించుకుంటే సగం ఖర్చు, 100 యూరోల దాకా, తిరిగి ఇవ్వడం మొదలుపెట్టింది. మా నాయనమ్మకు చెబితే నవ్వేది, బాగుచేయించుకున్నందుకు సర్కారు డబ్బిస్తుందా అని.

దుకాణం ఆవిడ దగ్గరికి మళ్ళీ వస్తాను. గోడ కూలిన తర్వాత మిల్లు మూసేశారు. ఒప్పందం మధ్యలోనే ముగిసింది. 3,000 మార్కులు, తిరుగు టిక్కెట్టు తీసుకుని పొమ్మన్నారు, చాలామంది వెళ్ళిపోయారు. 1991లో హోయర్స్‌వెర్డాలో, మరుసటి ఏడాది రోస్టాక్‌లో ఒప్పందపు పనివాళ్ళు ఉన్న ఇళ్ళ మీద గుంపులు దాడి చేశాయి. ఉండిపోయిన వాళ్ళకు 1993లో షరతులతో ఉండే హక్కు ఇచ్చారు. ముఖ్యమైన షరతు, సొంత సంపాదన చూపించాలి.

‘‘మిల్లు లేదు, నాకు వచ్చిన పని దారం పనే’’ అందావిడ. ‘‘ఈ మిషను బల్ల మీద పెట్టి, కిటికీకి ఒక కాగితం అంటించాను: పాంట్లు కుదించబడును, జిప్పులు మార్చబడును. ఆ రసీదు పుస్తకాన్ని ఆఫీసులో చూపించాను.’’ రోజూ సాయంత్రం దుకాణం మూసే ముందు మిషను మూత తీసి, దూది చిక్కుకున్న చోట కుంచెతో దులిపి, రెండు చుక్కల నూనె వేస్తుంది. మోటారు బొగ్గులు రెండుసార్లు, బెల్టు ఎన్నిసార్లో మార్చింది. మిగతాదంతా పాతదే. ఆవిడ కూతురు ఇక్కడే పుట్టి దంతవైద్యురాలైంది, కొత్త మిషను కొనిస్తానంటుందట. ‘‘కొనిచ్చింది కూడా. తెర మీద బొమ్మలొస్తాయి. మూలన ఉంది’’ అని చూపించింది. దాని మీద దారపు ఉండలు పేర్చి ఉన్నాయి.

మా నాయనమ్మ మిషను గురించి చెప్పాను. ఫోనులో ఫోటో చూసి, ‘‘సూదులు దొరుకుతున్నాయా?’’ అని అడిగింది. అన్నీ మొద్దుబారాయని చిన్నాన్న అంటున్నాడని చెప్పాను. సొరుగు తీసి ఒక చిన్న పొట్లం ఇచ్చింది. ఆవిడ వెరిటాస్‌కు వాడే మామూలు ఇంటి మిషను సూదులే, చదునైన కాడవి. నేను నమ్మలేదు. స్కాట్లాండు మిషనుకు ఇక్కడి సూది ఎలా పడుతుంది? ‘‘కొలత ఒకటే’’ అంది, ‘‘పంపి చూడండి.’’ డబ్బు తీసుకోలేదు.

కవరులో పెట్టి పంపాను. మూడువారాలకు చిన్నాన్న ఫోను చేశాడు. మాట్లాడలేదు, ఫోనును మిషను పక్కన పెట్టి పిడి తిప్పాడు.