పెరటి మందు ఎంతవరకు?

ఆషాఢంలో గోరింటాకు అరచేతులు పండటానికే అనుకుంటే సగమే తెలిసినట్టు. వరి నాట్లు మొదలయ్యేదీ ఆ రోజుల్లోనే. పొద్దున దిగిన ఆడవాళ్ళు పొద్దుగూకే దాకా పిక్కల లోతు బురదలోనే ఉంటారు. కాలివేళ్ళ సందులు తెల్లగా నాని, ఒరిసిపోయి, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కోగానే మంటెత్తుతాయి. రాత్రి ఆ సందుల్లో నూరిన గోరింటాకు దట్టంగా పెట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి తడి ఆరి, చర్మం కాస్త గట్టిపడుతుంది. మళ్ళీ మడిలో దిగడానికి ఆ మాత్రం చాలు. ఆకులో ఎరుపునిచ్చే లాసోన్ అనే పదార్థం చర్మం పైపొరలోని ప్రొటీన్‌ని పట్టుకుని వదలదు. కొన్ని రకాల శిలీంధ్రాల మీదా అది పనిచేస్తుందని ప్రయోగశాలల్లో చూశారు. నాట్లేసే వాళ్ళకు ఆ పేరుతో పనిలేదు, పొద్దున్నే కాలు నేల మీద ఆనితే చాలు.

మన ఇళ్ళలోని చర్మ చిట్కాల్లో మేలైనవన్నీ ఇలాంటివే. బాధ చిన్నది, ఆకు పెరట్లోది, ఫలితం రెండు మూడు రోజుల్లో తేలిపోతుంది. తేలకపోతే పెద్దవాళ్ళే ‘ఇది మన చేతిలోది కాదు’ అనేవారు. ఇప్పుడు ఫోను తెరిచి చూడండి: మొటిమకూ పసుపే, తామరకూ పసుపే, బొల్లికీ పసుపే. ఎలా రాయాలో చెప్పేవాళ్ళు లక్షమంది, ఎప్పుడు ఆపాలో చెప్పేవాళ్ళు లేరు.

పసుపు గెలిచింది, కానీ...

గాయానికి పసుపు వాడటం మీద 1995లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయానికి పేటెంటు ఇచ్చారు. మన ప్రభుత్వ పరిశోధనా సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు, పత్రికలు ముందుపెట్టి పోరాడి 1997లో దాన్ని రద్దు చేయించింది. వేపనూనెతో శిలీంధ్రాలను అరికట్టే పద్ధతి మీద ఐరోపాలో ఇచ్చిన పేటెంటు 2000లో రద్దయింది, 2005లో అప్పీలు కూడా వీగిపోయింది. సంతోషమే. అయితే ఆ తీర్పులు తేల్చింది ఈ వాడకం కొత్తది కాదని మాత్రమే, పసుపు ప్రతి పుండునూ మాన్పుతుందని కాదు. ఈ తేడా మన ప్రసంగాల్లో ఎప్పుడూ జారిపోతుంది.

వేపాకు, పసుపు కలిపి నూరిన ముద్దకు గజ్జి విషయంలో కొంత ఆధారముంది. 1992లో అచ్చయిన ఒక అధ్యయనంలో 814 మందికి ఈ ముద్ద రాస్తే 97 శాతం మందికి 3 నుంచి 15 రోజుల్లో తగ్గింది. అది తొలి ప్రయత్నంగా చేసిన అధ్యయనమే, చివరి మాట కాదు. పైగా గజ్జి ఒక పురుగు వల్ల వచ్చేది. అది చర్మంలో సొరంగాలు తవ్వి గుడ్లు పెడుతుంది. అందుకే రాత్రుళ్ళు దురద ఎక్కువ, అందుకే ఒకరికొస్తే ఇంటిల్లిపాదికీ వస్తుంది. ఏ మందు వాడినా దురద ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరూ ఒకేరోజు రాసుకోవాలి. దుప్పట్లు, తువ్వాళ్ళు వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేయాలి. పిల్లాడొక్కడికే రాసి ఊరుకుంటే వారం తిరక్కుండా మళ్ళీ మొదటికే.

తామరకు ఇప్పుడు తగిరిస చాలదు

తొలకరికి రోడ్డు పక్కన గుంపులుగా మొలిచి, సన్నటి కాయలు కాసే తగిరిస చాలామందికి తెలుసు. లేతాకు కూర వండుకుంటారు. గింజల్ని పుల్ల మజ్జిగలో నూరి తామరకు పట్టు వేస్తారు. ఆయుర్వేదంలో దీని పేరు చక్రమర్ద, తామర మీద దీని వాడకం చాలా పాతది. దీని పెద్దక్క మెట్టతామర, పసుపు పూలకంకులు కొవ్వొత్తుల్లా నిలబడే చెట్టు. ఫిలిప్పీన్స్‌లో ఆ ఆకుతో చర్మానికి సబ్బులే చేస్తారు. కాబట్టి ఈ వైద్యాన్ని తీసిపారేయక్కర్లేదు.

మారింది తామరే. ఒకప్పుడు రూపాయి బిళ్ళంత మచ్చ ఒకటో రెండో వచ్చేవి. ఇప్పుడు నడుము చుట్టూ, గజ్జల్లో, ముఖం మీద పలకలు పలకలుగా పరుచుకుంటోంది. ఇందులో మన స్వయంకృతం కొంత ఉంది. మందుల షాపుకెళ్ళి ‘దురదకేదైనా ఇవ్వండి’ అంటే చేతికొచ్చే ట్యూబుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రాయగానే దురద చల్లబడుతుంది, ఎరుపు తగ్గుతుంది. తామర తెచ్చే శిలీంధ్రం మాత్రం అడ్డేమీ లేక అడుగున పాకుతుంది. చర్మానికి రాసే 14 రకాల స్టెరాయిడ్లను చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లోనే ఆదేశించింది. ఆ ఆదేశం కౌంటరు దాకా వచ్చిందో లేదో మీ వీధి చివర షాపులో మీరే చూడొచ్చు. సాధారణంగా వాడే టెర్బినఫిన్ మాత్రకు లొంగని రకం ఒకటి మన దేశంలో విస్తరించింది. శాస్త్రవేత్తలు 2020లో దానికి పెట్టిన పేరు ట్రైకోఫైటాన్ ఇండోటినియే, మన దేశం పేరు కలిసొచ్చేలా.

అరచెయ్యి దాటి పాకిన తామరను డాక్టరుకు చూపించాల్సిందే. మచ్చ పోయాక కూడా ఇంకో రెండు వారాలు మందు వాడాలి. తడి బనియను, బిగుతు జీన్సు, ఇంటందరికీ ఒకే తువ్వాలు ఉన్నంతకాలం ఏ గింజా ఏ మాత్రా నిలవదు.

సర్పి: జాజు కాదు, గడియారం

నడుముకో ఛాతీకో ఒక పక్కన నీటిపొక్కులు వరసగా లేచి నిప్పుల్లా మండుతాయి. ఊళ్ళో వెంటనే జాజు కలిపి పూస్తారు. తలా తోకా కలిస్తే ప్రాణం పోతుందని భయపెట్టే వాళ్ళూ ఉంటారు. చిన్నప్పుడు అమ్మవారు (చికెన్‌పాక్స్) పోసినప్పటి వైరస్సే నరం మొదట్లో ఏళ్ళ తరబడి దాక్కుని, ఆ ఒక్క నరం దారి వెంట పైకి తేలేదే సర్పి. అందుకే సాధారణంగా నడిమి గీత దాటదు. రెండు నుంచి నాలుగు వారాల్లో పొక్కులు వాటంతటవే ఎండి రాలతాయి, పేరు జాజుకి పోతుంది. నష్టం జాజు వల్ల కాదు, పోగొట్టుకున్న రోజుల వల్ల. పొక్కు లేచిన మూడు రోజుల్లోపు వైరస్ మందు మొదలుపెడితే ఎక్కువ మేలు. పొక్కులు మానాక నెలల తరబడి వేధించే నరాల నొప్పి అరవై దాటినవాళ్ళను మరీ కుంగదీస్తుంది. నుదుటి మీదో కంటి చుట్టో వస్తే ఆరోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

బావంచాల మహిమ, మంట

సున్నిపిండిలో వాసనకు కచ్చూరాలతో పాటు బావంచాలు వేసేవాళ్ళున్నారు. బొల్లికి బావంచాల నూనె పాత మందే. వాటిలోని సొరాలెన్ చర్మంలో ఎండను పట్టిస్తుంది. అదే కుటుంబానికి చెందిన మాత్ర వేసి అతినీలలోహిత కాంతి చూపించే చికిత్సను అమెరికా డాక్టర్లు 1974లో సోరియాసిస్‌కు ప్రకటించారు. వాళ్ళు కాంతిని కొలిచి ఇచ్చారు. మనం నూనె రాసి మిట్టమధ్యాహ్నం డాబా ఎక్కితే బొబ్బలే మిగులుతాయి. నిమ్మతొక్కలోనూ ఆ జాతి పదార్థాలున్నాయి, ముఖానికి నిమ్మ రుద్దుకుని ఎండలో తిరిగితే నల్లమచ్చలు. బొల్లి నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే మందుల ప్రకటనలపై వచ్చిన 1954 చట్టం ప్రకారం నేరమని ఈ సందర్భంగా గుర్తు చేయాలి. గోడల మీద ఆ రాతలు ఇప్పటికీ కనిపిస్తాయి.

నిశ్చింతగా చెప్పగలిగింది కొబ్బరినూనె. పొడిచర్మంతో దురదలు పడే పిల్లలు 117 మంది మీద ఫిలిప్పీన్స్‌లో చేసి, 2014లో ప్రచురించిన పరీక్షలో అది మినరల్ ఆయిల్ కంటే బాగా పనిచేసింది. స్నానం కాగానే, తడి పూర్తిగా ఆరకముందే రాయాలి. చెమటకాయలకు మాత్రం నూనె వద్దు, చన్నీళ్ళు, పలచటి నూలుబట్ట చాలు. పసిబిడ్డలకు బరక పిండితో నలుగు కూడా మానేయడమే మంచిది.

చివరిగా ఒక్క విన్నపం. రంగు తగ్గి, గిల్లినా తెలియని మచ్చ ఒంటి మీద ఎక్కడ కనిపించినా దానికి ఏ ఆకూ నూరకండి. అది కుష్ఠు కావచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి. మందు ఉచితం, రకాన్ని బట్టి 6 నెలలో 12 నెలలో వాడితే నయమవుతుంది.