హైబ్రిడ్ కారు స్టార్ట్ కావట్లేదా? ముందు చిన్న బ్యాటరీని చూడండి

ఈరోజు చెప్పేది బి.కొత్తకోటలో మా ఇంటి ముందే జరిగింది. మా అమ్మకి బెంగళూరులో కంటి ఆపరేషన్. పదిన్నరకల్లా అక్కడ ఉండాలి. పొద్దున ఐదున్నరకి కారు దగ్గరికి పోతే రిమోట్ నొక్కినా డోర్ తెరుచుకోలేదు. రిమోట్ లోపల దాచి ఉండే చిన్న తాళంచెవితో తెరిచాను. బ్రేక్ తొక్కి బటన్ నొక్కితే లైట్లన్నీ ఒకసారి మిణుకుమన్నాయి, లోపలెక్కడో టిక్ టిక్ మంది, అంతే. హైబ్రిడ్ బ్యాటరీ పోయిందేమో, లక్షల ఖర్చేమో అని గుండె జారిపోయింది.

కానీ పోయింది అది కాదు. హైబ్రిడ్ కారులో రెండు బ్యాటరీలు ఉంటాయి. పెద్దది బండిని నడిపేది. 2022లో మన దగ్గరికి వచ్చిన గ్రాండ్ విటారా, హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్‌లలో అది దాదాపు 177 వోల్టులు. రెండోది మామూలు కార్లలో ఉండే 12 వోల్టుల బ్యాటరీ. కంప్యూటర్లు, తాళాలు, పెద్ద బ్యాటరీని సిస్టమ్‌కి కలిపే రిలేలు, అన్నీ ఈ చిన్నదాని మీదే ఆధారం. బీరువా నిండా డబ్బున్నా తాళంచెవి లేకపోతే ఏం లాభం? అదే కథ.

మీటర్ పెట్టి చూస్తే 9 వోల్టులు కూడా లేదు. బాగున్న బ్యాటరీ అయితే బండి ఆఫ్‌లో ఉన్నప్పుడు 12.6 దాకా చూపించాలి. తప్పు నాదే. డ్యాష్‌క్యామ్ ఎప్పుడూ ఆన్‌లో ఉండేలా వైరు నేరుగా బ్యాటరీకి ఇప్పించాను, తర్వాత పది రోజులు బండి తీయలేదు.

ఈలోగా వీధంతా పోగైంది. "నెడదాం పట్టండప్పా" అన్నాడు మా మామ. వద్దన్నాను. ఈ బండికి క్లచ్ లేదు, మామూలు స్టార్టర్ మోటార్ కూడా లేదు, ఎంత నెట్టినా లేవదు. ముందు చక్రాలు నేల మీద ఉండగా తాడు కట్టి లాగితే ఇంకా ప్రమాదం, చక్రాలతో పాటు లోపలి మోటార్ తిరిగి కరెంటు పుట్టిస్తుంది.

అప్పుడే టమోటా లోడుకి వచ్చిన లారీ డ్రైవరన్న "నా బండికి కేబుల్ తగిలిస్తే టక్కున లేస్తుంది తమ్ముడూ" అన్నాడు. "వద్దులేన్నా" అంటే మొహం చిన్నబుచ్చుకున్నాడు. పెద్ద లారీల్లో రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు ఉంటాయి. అది తగిలించి ఉంటే నా కారులో కంప్యూటర్లు కాలిపోయేవి. ఆరున్నరకి మదనపల్లె మార్కెట్‌కి పోయే చిన్న పికప్ ఒకటి ఆగింది. దానిది 12 వోల్టులే.

ఎర్ర కేబుల్ ముందు మన బ్యాటరీ ప్లస్‌కి, రెండో కొన పికప్ ప్లస్‌కి. నల్ల కేబుల్ పికప్ మైనస్‌కి, చివరి కొన మాత్రం మన బ్యాటరీకి దూరంగా, రంగు లేని ఇనుప భాగానికి. నారింజ రంగు వైర్ల జోలికి మాత్రం అస్సలు పోవద్దు, అవి పెద్ద బ్యాటరీవి. పికప్ ఇంజిన్‌ని ఐదు నిమిషాలు నడవనిచ్చి, బ్రేక్ గట్టిగా తొక్కి బటన్ నొక్కాను.

శబ్దమే లేదు! "లేవలేదు పాపం" అన్నాడు మామ. కానీ డ్యాష్‌బోర్డ్ మీద రెడీ లైటు వెలిగింది. హైబ్రిడ్‌లో అది వెలిగితే స్టార్ట్ అయినట్టే, ఇంజిన్ తనకి కావాల్సినప్పుడు తిరుగుతుంది. రెడీలో ఉన్నంతసేపూ పెద్ద బ్యాటరీ చిన్నదాన్ని చార్జ్ చేస్తుంది. మూసిన షెడ్డులో మాత్రం అలా వదలొద్దు. ఇంజిన్ దానంతటదే మొదలై విషవాయువు నిండిపోతుంది.

ఏడుకి బయలుదేరాం. దారిలో ఎక్కడా బండి ఆఫ్ చేయలేదు, టీ కూడా తాగలేదు. పదీ నలభైకి చేరాం. నర్సమ్మ గడియారం చూసి, ఏమనకుండా అమ్మని లోపలికి తీసుకెళ్లింది. మరుసటి రోజే డ్యాష్‌క్యామ్ వైరు మార్పించాను, బండి ఆపితే ఇప్పుడు అదీ ఆగిపోతుంది.