పంటిమీది మరక, మెడలోని బిగువు

మన ప్రాంతపు పిల్లలు కొందరు నవ్వినపుడు ముందుపండ్లమీద సుద్దవంటి చారలును, గోధుమవన్నె మరకలును కనబడుట రైతు సోదరులెరిగినదే. సరిగా తోముకొనవని తల్లులు మందలింతురు. ఎంత తోమినను ఆ మరక పోదు. అది పైమురికి కాదు. పన్ను చిగురులోపల తయారగుచుండగనే పడినది. త్రాగునీటిలోని ఫ్లోరైడు దానికి కారణము.

ఆ యింటి అరుగుమీది తాతను చూడుడు. ప్రక్కనుండి పిలిచిన మెడ త్రిప్పలేక మొండెమంతయు త్రిప్పును. గడ్డము రొమ్మునకానదు. దీనిని వాతమనుకొని ఎన్ని తైలములో రుద్దుదురు! మర్రిగూడ, నాంపల్లి, చండూరు ప్రాంతములలో ఇట్టివారిని మేము పెక్కుమందిని చూచితిమి. మనుమని పంటిని చెరచిన నీరే తాత మెడను బిగించినది.

మన నేల నల్లరాతినేల. ఆ రాతిలోని ఫ్లోరైడు బావులలోనికి, బోర్లలోనికి దిగును. ఏండ్ల తరబడి త్రాగినచో ఎముకలలో చేరి, వెన్నుపూసలను కట్టియుంచు బంధములు ఎముకవలె గట్టిపడును. మెడయు నడుమును మొదట బిగియును. ముదిరినచో వెన్నుపాము నలిగి కాళ్లు పడిపోవును. 1937లో నెల్లూరు జిల్లాలో వైద్యులీ వ్యాధిని వర్ణించిరి. 1955లో నల్లగొండ రోగులను గూర్చిన వ్యాసము బ్రిటిషు వైద్యపత్రికలో వెలువడినది.

ఒక్క సంగతి మరువరాదు. పండ్లు ఏర్పడు చిన్నవయస్సులో త్రాగినవారికే మరక పడును. పెద్దయిన పిదప ఈ ఊరికి వచ్చిన కోడలి పండ్లు తెల్లగనే యుండును. మెడ మాత్రము బిగియవచ్చును. బిగిసిన మెడ మరల పూర్వమువలె కాదు. కాపాడవలసినది పసిబిడ్డలను.

నీటిని కాచినను ఫ్లోరైడు పోదు; నీరు ఇంకి మరింత చిక్కనగును. పటిక, సున్నము కలిపి తేర్చు పద్ధతి 1970 తరువాత నాగపురపు శాస్త్రజ్ఞులు కనుగొనినది. నల్లగొండ పేరుతోనే టాంజానియా వరకు పోయినది. ఈ కీర్తి లేకున్నను బాగుండెడిది! 2016 నుండి భగీరథ పథకమున కృష్ణానీరు ఇండ్లకు వచ్చుచున్నది. అయినను మనవారు ఇంట నల్లానీరు త్రాగి, చేనికడ బోరునీరే త్రాగుదురు, కూలివారికిని అదియే. ఇంటినుండి బిందె మోసికొని పోవుట బరువే, కాని పోవలెను.

లీటరునకు 1 మిల్లిగ్రాము మించిన నీరు మంచిది కాదు. రుచికిగాని రంగుకుగాని తెలియదు. కావున శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో చేనిబోరు నీరు పట్టి, గ్రామీణ నీటిసరఫరా శాఖవారి పరీక్షశాలకు పంపుడు. సీసామీద బోరు ఎవరిదో వ్రాయుట మరువకుడు.