మునిగిన ఓడ చెప్పే చరిత్ర

చరిత్ర అంటే రాజుల పేర్లూ, తేదీలూ బట్టీ పట్టడమేనని మన సైన్సు విద్యార్థుల్లో చాలామంది అభిప్రాయం. కాని మునిగిపోయిన ఓడను ముందు పెట్టుకుని చదివితే, చరిత్రకూ ప్రాక్టికల్స్ ఉన్నాయని తెలుస్తుంది.

స్వీడన్ యుద్ధనౌక ‘వాసా’నే తీసుకోండి. 64 ఫిరంగులతో 1628 ఆగస్టు 10న స్టాక్‌హోమ్ రేవు నుంచి బయలుదేరి, సుమారు 1,300 మీటర్లు వెళ్ళేసరికి గాలికి ఒరిగి మునిగిపోయింది. దాదాపు 30 మంది చనిపోయారు. విచారణ జరిగింది గాని, ఎవరికీ శిక్ష పడలేదు.

1961లో ఓడను పైకి తీశారు. 333 ఏళ్ళు నీళ్ళలో నానిన కొయ్య ఎలా మిగిలింది? బాల్టిక్ సముద్రంలో ఉప్పు తక్కువ. కొయ్యను తొలిచే సముద్రపు పురుగు అక్కడ బతకదు. ఇది జీవశాస్త్రం. తడి కొయ్య ఆరితే కుంచించుకుపోయి పగుళ్ళు పడుతుంది కనుక, పాలిథిలీన్ గ్లైకాల్ ద్రావణాన్ని 17 ఏళ్ళపాటు చల్లారు. ఇది రసాయనశాస్త్రం.

మరి ఎందుకు మునిగింది? కొలిచి చూస్తే, నీటికి పైనున్న భాగం బరువెక్కువ. గరిమనాభి మరీ ఎత్తు. గడ్డి ఎత్తుగా వేసిన బండి గతుకులో తిరగబడుతుందని మా ఊళ్ళో బండి తోలే ప్రతివాడికీ తెలుసు. అక్కడివాళ్ళకీ తెలుసు! ప్రయాణానికి ముందు 30 మంది నావికుల్ని డెక్కు మీద ఇటూ అటూ పరుగెత్తిస్తే, మూడోసారికే ఓడ భయంకరంగా ఊగింది. పరీక్ష ఆపేశారు, ప్రయాణం ఆపలేదు. యుద్ధంలో ఉన్న రాజు గుస్తావ్ అడాల్ఫ్ ఓడ కోసం తొందరపెడుతున్నాడు. ఆయనకు కాదని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మిత్రులారా! ఈ చివరి సంగతి ఏ సూత్రంలోనూ దొరకదు, చరిత్రలోనే దొరుకుతుంది. అందుకే తేదీ చెప్పడానికి ముందు, “ఈ ఓడ ఎందుకు మునిగింది?” అని విద్యార్థినే అడిగి, ఆధారాలు చేతికివ్వాలి. వెతికి తెలుసుకున్న పాఠం పరీక్షలయ్యాక కూడా మరుపు రాదు.